అరుగు మీద: పొలం కలిసిరాని ఒక రైతు

ఈ పుటలో ప్రతి నెలా మేము ఎవరో ఒకరిని తలచుకోవడం పాఠకులకు తెలిసినదే. ఇంతవరకు తలచుకొన్నవారిలో ఎక్కువమంది ఏదో ఒకటి నిలబెట్టి పోయినవారు. బడి కట్టినవారు, సత్రం కట్టినవారు, పద్యం కట్టినవారు. ఈ నెల మా మనిషి అటువంటివాడు కాడు. ఆయన కట్టినవన్నీ ఇళ్ళే. వాటిలో చాలావాటిని తానే విడిచిపెట్టి పోయినాడు. వేసిన పంట చాలాసార్లు చేతికి రాలేదు. ఒక ఊళ్ళో బాకీ తీర్చే దారి కానక, చీకటివేళ పెళ్ళాం పిల్లలను బండి ఎక్కించుకొని పొలిమేర దాటినాడు. ఇటువంటివాణ్ణి గురించి ఇన్ని పుటలెందుకని సంపాదకులు అడిగినారు. చదివి చూడండి, తరువాత కోప్పడండి అన్నాము. మీకూ అదే మనవి.

ఆయన పేరు చార్లెస్ ఇంగల్స్. అమెరికా దేశపు రైతు. 1836 జనవరి 10న న్యూయార్క్ రాష్ట్రంలో క్యూబా అనే ఊళ్ళో పుట్టి, 1902 జూన్ 8న దక్షిణ డకోటా రాష్ట్రంలో డి స్మెట్ అనే చిన్న ఊళ్ళో కన్నుమూసినాడు. మధ్యలో గడచిన అరువదియారేళ్ళలో ఆయన మోసిన కష్టం, నవ్విన నవ్వు, వాయించిన ఫిడేలు మనకు ఈనాడు తెలియడానికి కారణం ఒక్కటే. ఆయనకు లారా అనే కూతురు ఉన్నది. ఆమె తన అరువదియైదో ఏట, 1932లో, తండ్రిని గురించి మొదటి పుస్తకం అచ్చు వేయించింది. 1943 నాటికి ఎనిమిది పుస్తకాలైనాయి. అవి పిల్లల పుస్తకాలు. దేశదేశాల పిల్లలు చదువుతున్నారు.

మా ఇంటికి ఆ పుస్తకం వచ్చిన సంగతి కూడా చెప్పవలెను. మా అమ్మాయి బడి లైబ్రరీనుంచి తెచ్చుకొన్నది. మా ఇంగ్లీషు ఆఫీసు ఫైళ్ళ మేరకే. "మీ ఉత్తరం అందినది" అనడానికి పనికివస్తుంది గాని కథలు చదవడానికి అంతగా చాలదు. అందువల్ల ఆమె చదివి చెప్పడమూ, మేము అరుగు మీద కూర్చుని వినడమూ వాడుకయింది. వంటింట్లోనుంచి ఇంటావిడ కూడా చెవి ఒగ్గి వింటూ, "ఆ పిల్లల తల్లి ఎట్లా ఓర్చిందో" అని మధ్యమధ్య ఒక మాట వేసేది.

ఆ తల్లి పేరు కారొలిన్. పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. 1860 ఫిబ్రవరి 1న వీరి పెళ్ళి విస్కాన్సిన్ రాష్ట్రంలో జరిగింది. ఇందులో మన ఆడవారికి నచ్చే సంగతి ఒకటి ఉన్నది. చార్లెస్ చెల్లెలిని కారొలిన్ అన్న చేసికొన్నాడు. చార్లెస్ అన్న కారొలిన్ చెల్లెలిని చేసికొన్నాడు. కుండమార్పిళ్ళు మనకు మాత్రమే ఉన్నవని అనుకొనేవారము. ఆ రెండు ఇళ్ళ మధ్య మూడు పెళ్ళిళ్ళు!

పిల్లలు అయిదుగురు. 1865లో మేరీ, 1867లో లారా, 1870లో క్యారీ, 1875లో ఫ్రెడ్డీ అనే మగపిల్లవాడు, 1877లో గ్రేస్. పెద్దపిల్ల మేరీ సరిగా తండ్రి పుట్టినరోజునే పుట్టింది.

విస్కాన్సిన్‌లో పెపిన్ అనే ఊరి దగ్గర అడవి నరికి చేసిన పొలం ఉండేది. వేటకు వేట, పంటకు పంట. తిండికి లోటు లేదు. అట్లాంటి చోటు విడిచి ఎందుకు పోయినాడంటే ఆయనకు కాలు నిలువదు. పడమట చెట్టులేని పచ్చికబయళ్ళు ఉన్నవనీ, అక్కడ మొద్దులు పెరికే పని లేకుండా నాగలి పెట్టవచ్చుననీ విన్నాడు. ఆ బయళ్ళనే ప్రెయిరీ అంటారు. కనుచూపు మేర గడ్డి. గాలికి అది సముద్రంలా ఊగుతుందట. చూడటానికి మెత్తగా ఉన్నా ఆ గడ్డివేళ్ళు చాపలాగా అల్లుకొని ఉంటాయి. మొదటిసారి దున్నడం ఎడ్లకూ మనిషికీ ప్రాణాంతకమే. దున్నినప్పుడు లేచిన పెళ్ళలను ఇటుకల్లాగా పేర్చి ఇళ్ళు కట్టుకొనేవారు. మానులేని చోట మన్నే మానయింది.

1869లో బండి కట్టుకొని కాన్సస్ రాష్ట్రానికి పోయినాడు. ఇండిపెండెన్స్ అనే ఊరికి సుమారు పదమూడు మైళ్ళ దూరంలో దుంగలతో ఇల్లు కట్టి, బావి తవ్వినాడు. అక్కడ ఇంటిల్లిపాదీ చలిజ్వరంతో పడిపోతే ఒక నల్లజాతి వైద్యుడు వచ్చి కాపాడినాడు. ఆయన పేరు జార్జి టాన్. ఆయన సమాధి ఇండిపెండెన్స్‌లోనే ఉన్నది. మూడో పిల్ల క్యారీ కూడా ఆ దుంగల ఇంట్లోనే పుట్టింది.

ఈ ఘట్టం చదివిన నాడు మా అమ్మాయి పుస్తకం మూసి, "నాయనా, ఆ నేల ఎవరిది?" అన్నది.

ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. తరువాత తెలిసికొన్నాము. ఆ నేల ఒసేజ్ అనే తెగవారిది. అమెరికా ప్రభుత్వం వారితో ఒడంబడిక చేసికొని వారికి మిగిల్చిన నేల అది. వలసరైతులకు అక్కడ ఇల్లు కట్టే హక్కు లేదు. చార్లెస్ ఇంగల్స్ వంటివారు వందలకొద్దీ వచ్చి హక్కు లేకుండానే కట్టినారు. చివరకు 1870లో చట్టం చేసి ఆ నేలను అమ్మకానికి పెట్టినారు. ఒసేజ్‌వారు తమ పితరుల సమాధులు వదలి ఈనాడు ఒక్లహామా అనే రాష్ట్రానికి పోవలసి వచ్చింది. ఇంగల్స్ కుటుంబం కూడా 1871లో తిరిగి విస్కాన్సిన్ చేరింది గాని, వీరికి తిరిగి పోవడానికి చోటున్నది, వారికి లేకపోయింది.

తండ్రిని అంత ప్రేమించిన లారా కూడా ఈ సంగతి సరిగా చూడలేకపోయింది. ఆదివాసులను గురించీ నల్లవారిని గురించీ ఆమె పుస్తకాల్లో ఉన్న కొన్ని మాటలు బాగుండవు. ఆ కారణంగానే 2018లో అక్కడి పిల్లల లైబ్రేరియన్ల సంఘంవారు తాము ఇచ్చే బహుమతికి ఉన్న ఆమె పేరు తొలగించినారు. మా అమ్మాయికి ఇవన్నీ చెప్పినాము. "అయితే వాళ్ళ నాయన చెడ్డవాడా?" అన్నది. చెడ్డవాడు కాడమ్మా, ఇతరుల ఇంటి గడపను గడపగా చూడని తప్పు ఒకటి చేసినాడు. మంచివాళ్ళు కూడా చేసే తప్పే అది, అన్నాము. ఆమెకు పూర్తిగా తృప్తి కలిగినట్లు లేదు. మాకూ కలుగలేదు. అయినా ఒకరిని తలచుకొనేటప్పుడు కొలత సరిగా ఉండవలెను గదా. తూకంలో రాయి దాచరాదు.

ఇక అసలు కష్టకాలానికి వస్తాము.

1874లో మిన్నెసోటా రాష్ట్రంలో వాల్నట్ గ్రోవ్ అనే ఊరి దగ్గర, ప్లమ్ క్రీక్ అనే వాగు ఒడ్డున నేల తీసికొన్నాడు. మొదట కాపురం గట్టులో తొలిచిన గుహలాంటి ఇంట్లో. పైకప్పు గడ్డిపెళ్ళలే. ఒకనాడు ఎద్దు కాలు ఆ కప్పులోనుంచి లోపలికి దిగిందట! దానికి కోపగించుకోక ఇంటిల్లిపాది నవ్వుకొన్నారు. తరువాత రాబోయే గోధుమపంటను నమ్ముకొని, పలకలు అరువు తెచ్చి మంచి ఇల్లు కట్టినాడు. గాజు కిటికీలు పెట్టించినాడు. పంట ఏపుగా పెరిగింది.

అప్పుడు మిడతలు వచ్చినవి.

మనకు మిడతలదండు అంటే పాతమాట. వారికి అది కళ్ళ ఎదుటి ప్రళయం. రాకీ కొండల మిడత అని దాని పేరు. 1873 మొదలు 1877 వరకు ఆ రాష్ట్రాలను తిన్నది. 1875లో నెబ్రాస్కాలో ఒక వైద్యుడు లెక్క కట్టితే, ఒక్క దండు పొడవు 1,800 మైళ్ళు, వెడల్పు 110 మైళ్ళు తేలింది. సూర్యుడు కనబడలేదు. పంట తిన్నవి, గడ్డి తిన్నవి, ఆరవేసిన బట్టలు తిన్నవి, చెమట అంటిన నాగలి పిడి కూడా కొరికినవి. పోతూ పోతూ నేలలో గుడ్లు పెట్టినవి. మరుసటి ఏడు అవి పిల్లలై లేచి మిగిలినది తిన్నవి.

ఇంగల్స్ పంట పోయింది. అరువు మిగిలింది. ఆయన తూర్పు వైపు, మిడతలు రాని సీమకు, కోతపనులకై వంద మైళ్ళకు పైగా కాలినడకన పోయినాడు. కాళ్ళకు అతుకులు వేసిన పాత బూట్లు. కొత్తవి కొనడానికి దాచిన డబ్బు ఉన్నది గాని, దానిని ఊరి చర్చికి గంట కొనడానికి చందా ఇచ్చివేసినాడట. ఇది చదివినప్పుడు ఇంటావిడ వంటింట్లోనుంచి బయటికి వచ్చి, "ఈ మగవాళ్ళంతా ఒకటే" అని మా వైపు చూసింది. మా సంఘానికి మేము ఇచ్చిన ఒక చందా ఆమెకు గుర్తు వచ్చింది కాబోలు. మేము మాట్లాడలేదు.

1875 నవంబరులో జరిగిన ఒక చిన్న సంగతి మాత్రం మా మనసులో నాటుకొన్నది. మిడతల వల్ల చితికినవారికి ప్రభుత్వం పిండి పంచిపెట్టింది. కాని ఊరికే ఇవ్వదు. తాను పూర్తిగా ఆధారం లేనివాడనని ప్రమాణం చేసి సంతకం పెట్టవలెను. చార్లెస్ ఇంగల్స్ సంతకం పెట్టినాడు. రెండు అరపీపాల పిండి తెచ్చుకొన్నాడు. దాని వెల అయిదు డాలర్ల ఇరవైయైదు సెంట్లు.

మేము ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో కిటికీకి ఇవతల కూర్చుని ఉద్యోగం చేస్తున్నాము. అవతల నిలబడినవారు "ఏ ఆధారమూ లేదని ఇందుమూలముగా" అన్న కాగితం కింద సంతకం పెట్టడం చాలాసార్లు చూసినాము. ఆ సంతకం పెట్టేటప్పుడు మనిషి తల ఎత్తడు. కలం తిరిగి ఇచ్చేటప్పుడు కూడా తల ఎత్తడు. మేమూ సాధారణంగా ముఖం చూడము. తేదీ సరిగా వేసినాడా, సాక్షి ఉన్నాడా, అదే చూస్తాము. 1875లో ఆ కాగితం తీసికొన్న గుమాస్తా కూడా అదే చూసి ఉంటాడు. ఎదుట ఉన్నది నెలరోజుల పసిబిడ్డకు తండ్రి అని, ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలకు రాత్రి ఫిడేలు వాయించి నిద్రపుచ్చే మనిషి అని వానికి ఎట్లా తెలుస్తుంది?

ఆ పసివాడు ఫ్రెడ్డీ. అప్పటికి పుట్టి నెలరోజులు. మరుసటి ఆగస్టులో, ఊరు విడిచి పోతూ ఉండగా దారిలో చుట్టాల ఊళ్ళో పోయినాడు. తొమ్మిది నెలలు దాటి కొన్నాళ్ళు బ్రతికినాడు. వారి ఒక్క మగపిల్లవాడు.

అక్కడినుంచి అయోవా రాష్ట్రంలో బర్ ఓక్ అనే ఊరు. ఒక హోటలు నడపడంలో పనిసాయం. అచ్చిరాలేదు. వైద్యుని బాకీ, అద్దె బాకీ. ఇంటి యజమాని గుర్రాలను పట్టుకొంటానన్నాడు. అప్పుడే ఆ చీకటి ప్రయాణం. 1877లో తిరిగి వాల్నట్ గ్రోవ్.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. లారా అచ్చువేసిన పిల్లల పుస్తకాల్లో ఈ బర్ ఓక్ కాపురం లేదు. చనిపోయిన తమ్ముడూ లేడు. రాత్రివేళ ఊరు దాటడమూ లేదు. ఇవన్నీ ఆమె 1930లో వ్రాసి పెట్టుకొన్న మరొక చేవ్రాతలో ఉన్నవి. అది 2014లో గాని అచ్చు కాలేదు. అప్పటికి ఆమె పోయి యాభైయేడేళ్ళు. ఇంటిగుట్టు లంకకు చేటని మనము అంటాము. ఆ కూతురు లోకానికి తండ్రి ఫిడేలు వినిపించింది, బాకీ చీటీ దాచింది. అబద్ధమాడిందని కొందరు పండితులు అంటారు. మాకు అట్లా తోచదు. చీటీని చింపివేయలేదు గదా, పెట్టెలో భద్రపరచింది. పిల్లలకు ఏది, పెద్దలకు ఏది అని వేరు చేసింది. ప్రతి ఇంట్లోనూ జరిగేదే.

1879లో ఇంకొక దెబ్బ. పెద్దకూతురు మేరీ, పదునాలుగేళ్ళ పిల్ల, జబ్బు చేసి చూపు పోగొట్టుకొన్నది. పుస్తకంలో ఎర్రజ్వరమని ఉన్నది. 2013లో వైద్యులు పాతకాగితాలు పరిశీలించి, మెదడుకు సోకిన వేరొక జ్వరం కావచ్చునన్నారు. ఏ జ్వరమైతేనేమి, దీపం ఆరింది. తండ్రి లారాను దగ్గరకు పిలిచి, ఇకమీద అక్కకు నీవే కళ్ళు అని చెప్పినాడట. అప్పటినుంచి ఆ పిల్ల దారిలో కనబడినదంతా అక్కకు మాటల్లో చెప్పడం నేర్చుకొన్నది. ఆకాశం ఏ రంగు, గుర్రం ఎట్లా పరుగెత్తింది, గడ్డి ఎట్లా వంగింది. యాభై ఏళ్ళ తరువాత ఆమె చేతికి కలం వచ్చినప్పుడు అది వట్టి కలం కాదు. గుడ్డి అక్క కోసం సాధన చేసిన నోరు.

అదే ఏడు చార్లెస్‌కు చెల్లెలి మగని ద్వారా డకోటా వైపు రైలుదారి వేసే చోట పని దొరికింది. ఏమి పనో తెలుసునా? కూలీల హాజరు వ్రాయడం, లెక్కల పుస్తకం చూడడం, జీతాలు పంచడం. అంటే గుమాస్తా పని! ఇది తెలిసి మాకు కలిగిన ఆనందం ఇంతింత కాదు. అయితే ఆయన మావలె ఆ కుర్చీని అంటిపెట్టుకొని ఉండలేదు. చలికాలం గడవగానే, 1880 ఫిబ్రవరిలో, డి స్మెట్ దగ్గర 160 ఎకరాల నేలకు అర్జీ పెట్టినాడు.

1862లో చేసిన ఒక చట్టం ప్రకారం ఎవరైనా కొద్ది డాలర్ల రుసుము కట్టి 160 ఎకరాలు తీసికొనవచ్చును. అయిదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చేస్తే పట్టా ఇస్తారు. వినడానికి వరంలా ఉంటుంది. కాని ఆ నేలలో వాన ఒక ఏడు వస్తుంది, రెండేళ్ళు రాదు. అందుకే ఇది ప్రభుత్వంతో వేసిన పందెమని రైతులు నవ్వుకొనేవారు: నీవు అయిదేళ్ళు ఆకలితో చావకుండా నిలిస్తే నేల నీది, లేకపోతే నీ రుసుము మాది. ఆ నేలలో చార్లెస్ ఇంగల్స్ మొదట చేసిన పనులలో ఒకటి కాటన్‌వుడ్ మొక్కలు నాటడం. భార్యకొకటి, నలుగురు కూతుళ్ళకు నాలుగు. తనకు నాటుకోలేదు.

ఆ మొదటి ఏడే 1880 అక్టోబరు నడుమ మంచుతుఫాను పట్టుకొన్నది. అప్పుడొకటి అప్పుడొకటి కాదు, ఏడు నెలలు. రైలుదారి మంచులో పూడిపోయింది. జనవరి మొదలు మే వరకు ఊరికి రైలు లేదు. పిండి లేదు, బొగ్గు లేదు, కిరసనాయిలు లేదు. ఎండుగడ్డిని మెలిపెట్టి కట్టెలుగా చేసి పొయ్యి వెలిగించినారు. మెలిపెట్టిన ఆ గడ్డికట్ట నిమిషాలలో మండిపోతుంది గనుక పగలంతా మెలిపెడుతూనే ఉండవలెను. మన ఇళ్ళలో కాఫీగింజలు పిండిచేసే చేతిమిషను ఉంటుంది గదా, అటువంటి దానిలో విత్తనపు గోధుమలు వేసి, ఇంట్లో అందరూ వంతులవారీగా తిప్పి, ఆ ముతకపిండితో రొట్టె కాల్చుకొని తిన్నారు. ఆ గోధుమలు కూడా అయిపోయే తరుణంలో ఇద్దరు యువకులు ప్రాణాలకు తెగించి మంచులో పోయి ఊరికి గోధుమలు తెచ్చినారు. అందులో ఒకడు, ఆల్మాంజో వైల్డర్ అనే అబ్బాయి, 1885లో ఈయనకు అల్లుడయినాడు.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం పిల్లలు ఫిడేలు అడిగినారట. ఆయన తీసి ఒళ్ళో పెట్టుకొన్నాడు. గడ్డి మెలిపెట్టి, చలికి వాచి, వ్రేళ్ళు తీగలమీద ఆడలేదు. పెట్టెలో పెట్టివేసినాడు. అన్ని మిడతల్లోనూ అన్ని బాకీల్లోనూ ఆగని ఫిడేలు అప్పుడు ఆగింది. పిల్లలకు అంతకుముందు ఏనాడూ వేయని భయం ఆ రాత్రి వేసింది. ఇక్కడ మా అమ్మాయి గొంతు పట్టుకొన్నది. మిగిలిన పుట మరునాడు చదివినది.

ఇంత కరువులోనూ ఆ దంపతులు ఒక పని చేసినారు. 1881 నవంబరులో చూపులేని మేరీని అయోవా రాష్ట్రంలో విన్టన్ అనే ఊళ్ళోని అంధుల కళాశాలకు పంపినారు. చదువు ఖర్చు డకోటా ప్రభుత్వం పెట్టుకొన్నది. ప్రయాణానికీ బట్టలకూ వీరు కూడబెట్టవలసివచ్చింది. చిన్నపిల్ల లారా కూడా పంతులమ్మయి, కుట్టుపని చేసి డబ్బు తెచ్చింది. మేరీ 1889లో చదువు ముగించి వచ్చింది. వ్రేళ్ళతో చదవడం, కుట్టడం, పూసలల్లడం, సంగీతం, అన్నీ నేర్చింది. గుర్రాలమీద ఈగలు వాలకుండా కప్పే వలలు అల్లి సంపాదించింది. చార్లెస్‌కు అప్పటికీ పడమటికి, ఆరెగాన్‌కు, పోవలెనని మనసు లాగుతూనే ఉన్నది. పిల్లలకు బడి ఉన్న ఊరు విడిచి ఇక కదలనని కారొలిన్ అన్నది. ఆయన కదలలేదు. కాలు నిలువని మనిషి ఇరవైమూడేళ్ళు అక్కడే నిలిచినాడు. ఇది మా లెక్కలో ఆయన చేసిన పెద్ద సాహసం.

పట్టా 1886లో వచ్చింది. పందెం గెలిచినాడు. కాని ఆ పొలమూ బ్రతుకు గడపలేదు. 1887లో ఊళ్ళో తన చేతులతో ఇల్లు కట్టుకొన్నాడు. కొన్నేళ్ళకు పొలం అమ్మివేసినాడు. వడ్రంగం చేసినాడు, ఊరి పనులు చూసినాడు, తగవులు తీర్చే న్యాయాధికారిగా ఉన్నాడు. లారా 1894లో భర్తతో మిస్సోరీ రాష్ట్రానికి పోయింది. 1902లో నాయనకు గుండెజబ్బు ముదిరిందని తెలిసి రైలెక్కి వచ్చి, కడసారి చూసుకొన్నది. ఫిడేలు ఆమెకు ఇవ్వవలెనని ఆయన ఎప్పుడో చెప్పి పెట్టినాడు. అది ఈనాడు మిస్సోరీలో మాన్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, ఆమె ఇంటి ప్రదర్శనశాలలో ఉన్నది.

ఇంకొక విచిత్రం. ఆయనను కూల్చిన ఆ రాకీ కొండల మిడత, కోట్లకొద్దీ ఆకాశాన్ని కప్పిన మిడత, కొద్ది ఏళ్ళలోనే నశించిపోయింది. ప్రాణంతో కడపటిసారి దొరికిన సంవత్సరం 1902. అంటే రైతూ మిడతా ఒకే ఏట పోయినారు. ఆయనకు వంశం కూడా నిలువలేదు. నలుగురు కూతుళ్ళలో లారాకు మాత్రమే ఒక్క కూతురు పెరిగి పెద్దదయినది. ఆమె 1968లో సంతానం లేకుండా పోయింది. పొలం లేదు, వంశం లేదు. మిగిలినది ఒక ఫిడేలు, ఎనిమిది పుస్తకాలు.

తండ్రి చెప్పిన కథలు తనతో పోరాదనే వ్రాసినానని లారా ఒక సభలో చెప్పింది. ఇది విన్ననాటినుంచి మాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

ఎందుకంటే మా నాయన కూడా రైతే. కోవిల్‌పట్టి వైపు కరిసల్ నేలలో పత్తి, సజ్జ వేసేవాడు. బావి ఎండింది. ఎకరం ఎకరంగా నేల పోయింది. కడపటి ముక్క ఒక వడ్డీవ్యాపారి చేతికి పోయింది. ఆయన పోయిన నాడు ఊళ్ళోవారు, "మంచివాడే, ఏమీ నిలుపుకోలేకపోయినాడు" అన్నారు. మేము అక్కడే ఉన్నాము. కాదనలేదు. మనసులో మేమూ అదే అనుకొన్నాము. మా పరీక్షఫీజుకు ఆయన కాడెడ్లలో ఒకదానిని అమ్మిన సంగతి ఆ నాడు మాకు గుర్తు రాలేదు. ఒంటి ఎద్దుతో ఆ ఏడు దుక్కి ఎట్లా చేసినాడో ఏనాడూ అడుగలేదు. ఎవరి ఎద్దుతో జత కట్టినాడో, ఎవరి కాళ్ళు పట్టుకొన్నాడో. అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు. నిలుపుకోలేదన్నామే, నిలుపుకొన్నది మమ్మల్నే గదా!

రాత్రులు ఆయన కట్టెమంచం మీద పడుకొని, మన పెద్దలు ఉత్తరాదినుంచి నది దాటి ఈ సీమకు వచ్చిన కథ చెప్పేవాడు. ఆ కథ మన అవ్వలందరి నోటా ఉండినది. దానిని కరిసల్ నేల తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ తమిళంలో "గోపల్ల గ్రామం" అని 1976లో పుస్తకంగా తెచ్చినారు. ఆయన 2021లో పోయినారు, కథ మిగిలింది. మా నాయన చెప్పిన తీరు మాత్రం మిగలలేదు. నది దగ్గరకు వచ్చేసరికి మేము నిద్రపోయేవారము. తరువాత ఏమి చెప్పేవాడో మాకు తెలియదు.

ఈ వారం ఒక పాత ఆఫీసు రిజిస్టరులో మిగిలిన తెల్లకాగితాలు కుట్టి నోటుపుస్తకం చేసినాము. మొదటి పుటలో మా నాయన పేరు, పుట్టిన ఊరు, ఆయన ఎద్దుల పేర్లు వ్రాసినాము. ఒక ఎద్దు పేరు గుర్తుకు రాక, ఊళ్ళో ఉన్న మేనత్తకు జాబు వ్రాసినాము. వయసు ఎనభై దాటినా ఆమెకు అన్నీ జ్ఞాపకమే. జవాబు వచ్చింది. ఎద్దు పేరు పుల్లడు. ఒంటిగా మిగిలిన ఏడు దానితో జత కట్టడానికి పొరుగు కాపు తన ఎద్దును ఇచ్చినాడనీ, దానికి బదులుగా మా నాయన అతని కొట్టానికి రెండు నెలలు రాత్రికావలి పడుకొన్నాడనీ కూడా వ్రాయించింది. అంతవరకు మాకు తెలియని సంగతి అది. అది కూడా పుస్తకంలో ఎక్కించినాము. బాకీ సంగతి కూడా వ్రాసినాము, వెనుక పుటల్లో. మా అమ్మాయి అడిగినప్పుడు చదువుకొంటుంది.

పాఠకులారా, మన సంఘంలో ఇట్లాంటి నాయనలు లేని ఇల్లు ఉండదు. నేల వెదుక్కొంటూ భాష మోసుకొని వచ్చి, కొందరు నిలదొక్కుకొన్నారు, కొందరు కాలేదు. నిలదొక్కుకొన్నవారి ఫోటోలు మన సంఘం హాలులో ఉన్నవి. తక్కినవారి సంగతి మీ ఇంట్లో ముసలివారిని అడగండి. ఈ ఆదివారమే అడగండి. ఎద్దు పేరుతో మొదలుపెట్టండి. మిగిలినది వారే చెబుతారు.

వచ్చే నెల మళ్ళీ అరుగు మీద కలుసుకొందాము.